రాజుగారు తీసివేసిన నెయ్యి

ఒకానొక రాజ్యంలో ప్రచండవర్మ అనే రాజుకు లెక్కల పిచ్చి పట్టుకుంది. వచ్చినా రాకపోయినా లెక్క తనే కట్టాలి, తప్పయినా ఒప్పయినా సభ తల ఊపాలి.

ఒకరోజు విందు ముగిశాక ఆయన నేతి బాన చూడటానికి వంటశాలకు వెళ్ళాడు. పొద్దున బానలో మూడింట రెండు వంతుల నెయ్యి ఉంది. విందుకు అర బాన అయింది.

"ఆరో వంతు మిగిలింది ప్రభూ" అంది వంటపెద్ద నాగసానమ్మ.

రాజు పలక అందుకున్నాడు. "పైన రెండు, కింద మూడు. అందులోంచి పైన ఒకటి, కింద రెండు తీసెయ్యాలి. రెండులో ఒకటి పోతే ఒకటి. మూడులో రెండు పోతే ఒకటి. ఒకటింట ఒకటి, అంటే నిండు బాన మిగలాలి. తక్కిన నెయ్యి నువ్వే కాజేశావు. పొద్దు గుంకేలోగా రాజ్యం విడిచి పో."

వెంట వచ్చిన మంత్రులు పలక వంక చూసి భేషన్నారు. నాగసానమ్మ మూట కట్టుకోవడానికి వెళ్ళింది. ఇరవై ఏళ్ళుగా ఆమె చేతి అన్నం తింటున్న ఆస్థాన చమత్కారి విరూపన్న ఆమెను ఎలాగైనా కాపాడాలనుకున్నాడు. కానీ రాజుగారి లెక్క తప్పని నేరుగా అంటే ఆమెతోపాటు తనూ మూట సర్దుకోవలసిందే.

కాసేపటికి అతను ఒక బొబ్బట్టు పట్టుకొచ్చాడు. "ఆమె చేతి వంట మళ్ళీ దొరకదు. ఆఖరుసారి ఆరగించండి ప్రభూ" అంటూ దాన్ని సరిగ్గా ఆరు ముక్కలు చేసి, రెండు ముక్కలు పక్కకు తీశాడు. "పళ్ళెంలో మూడింట రెండు వంతులున్నాయి. తమరు సగం బొబ్బట్టు తింటే చాలు."

"సగమంటే మూడు ముక్కలేగా" అంటూ రాజు లొట్టలేసుకుంటూ తినేశాడు.

విరూపన్న గుండెలు బాదుకున్నాడు. "దొంగతనం జరిగింది ప్రభూ. మూడింట రెండు వంతుల్లో అర పోతే నిండు బొబ్బట్టు మిగలాలి. ఒక్క ముక్కే ఉంది. తక్కిన అయిదూ ఏమైనట్టు? పళ్ళెంలో చెయ్యి పెట్టింది తమరొక్కరే."

"ఉన్నవే నాలుగు. మూడు తిన్నాను. నిండు బొబ్బట్టు ఎక్కణ్ణుంచి వస్తుందయ్యా?" అని రాజు చిరాకుపడ్డాడు.

"ముక్కలన్నీ ఒకే కొలతవి గనక తమకు ఇట్టే తెలిసింది. ఆరింట నాలుగులో ఆరింట మూడు పోతే ఆరింట ఒకటి. నాగసానమ్మ నేతినీ అలాగే కొలిచింది ప్రభూ."

రాజు పలకనూ పళ్ళేన్నీ మార్చి మార్చి చూశాడు. తర్వాత పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. నాగసానమ్మను పిలిచి, నీ లెక్కే సరైనదని అందరి ముందూ ఒప్పుకున్నాడు. ఆమె కళ్ళు తుడుచుకుని పొయ్యి దగ్గరకు వెళ్ళింది.

"విరూపన్నా, మూడింట రెండు వంతుల బాన నెయ్యి నీకు బహుమానం" అన్నాడు రాజు.

"అంతెందుకు, అందులో అర బాన తమరే తీసేసుకోండి ప్రభూ. తీసివేత మాత్రం తమరి పద్ధతిలోనే జరగాలి."

రాజు మళ్ళీ నవ్వి నిండు బానే ఇప్పించాడు.