నక్క తోకా, ఖాళీ స్థలమూ

మామిడితోట చివర, చెరకు చేలకు ఇవతల, ముళ్లకంప చుట్టిన పశువుల పాకలో ఒక బడి నడిచేది. దానికి పంతులమ్మ తాయారమ్మ అనే మేక. ఆవిడ చదువు మీద ఎవరికీ అనుమానం లేదు. రైతుగారి మనవరాలు నులకమంచం మీద మరిచిపోయిన మూడో తరగతి తెలుగు వాచకాన్ని తాయారమ్మ మొదటి పాఠం నుంచి చివరి పాఠం దాకా నమిలి మింగేసింది. మనలో చాలామంది పుస్తకాలు నమిలి మింగామని ఊరికే చెప్పుకుంటారు. ఆవిడ నిజంగానే మింగింది. అట్ట ఒక్కటే అరగక కాస్త ఇబ్బంది పెట్టింది.

మధ్యాహ్నం పిల్లల్ని ఆడుకోమని వదిలేసి, తను నీడన కళ్లు మూసుకుని పాఠాలు నెమరు వేసుకునేది. నెమరంటే అచ్చంగా నెమరే.

బడిలో పిల్లలు ముగ్గురు. నూకాలు అనే కోడిపిల్ల, బుడగ అనే బాతుపిల్ల, గున్నడు అనే గేదెదూడ. ముగ్గురికీ ఒకటే జబ్బు. ఏ మాట చెబితే ఆ మాటే పట్టుకుంటారు. దాని వెనకాల ఇంకో అర్థం నక్కి ఉంటుందని కలలో కూడా అనుకోరు.

"కథకి ముందు పాత్రలు కావాలి," అని మొదలుపెట్టింది తాయారమ్మ ఒకరోజు.

"ఇత్తడివా టీచరమ్మా, స్టీలువా?" అన్నాడు బుడగ.

"వంటపాత్రలు కావు నాయనా. కథలో తిరిగేవాళ్లు, మాట్లాడేవాళ్లు."

"వాళ్లు పాత్రలని మనకెలా తెలుస్తుంది?" అంది నూకాలు. ఈ పిల్లకి ప్రశ్నలెక్కువ.

తాయారమ్మ కాసేపు దవడలాడించింది. పాఠం పైకొచ్చింది. "కోరిక ఉన్నవాడే పాత్ర. వాడికి ఏదో ఒకటి కావాలి. అది దొరక్కపోతే సమస్య. దొరికితే ముగింపు."

"ఏమీ అక్కర్లేనివాడైతేనో?"

"ఏమీ అక్కర్లేకుండా ఊరికే పడి ఉంటే అది పాత్ర కాదు, స్థలం. కథ జరిగే చోటన్నమాట. పాక, పొలం, గట్టు. మనం నిలబడేదీ, తొక్కేదీ దాని మీదే."

పిల్లలు ముగ్గురూ తలలూపారు. తాయారమ్మ మురిసిపోయింది.

ఆ ముచ్చట మర్నాడు పొద్దెక్కేదాకా కూడా నిలవలేదు. పొద్దున్నే నూకాలు తల్లి కోటమ్మ రెక్కలు టపటపలాడిస్తూ బడి మీద పడింది.

"ఏమమ్మా పంతులమ్మా! నా పిల్లని పాత్రలో వేస్తానన్నావట!"

"కథలో పాత్ర కోటమ్మా, కథలో..."

"పాత్రలో వేశాక కథ ఎలా ముగుస్తుందో నాకు చెప్పకు. మా అక్క అలాగే ముగిసింది!"

ఆవిడకి నచ్చజెప్పేసరికి తాయారమ్మకి తలప్రాణం తోకకొచ్చింది. కోటమ్మ చివరికి మెత్తబడింది గానీ, పోతూ పోతూ గొంతు తగ్గించి ఒక మాట అంది. "ఈసారి పొదిగినవాటిలో నాకు మిగిలింది ఇదొక్కతే. నీ చేతుల్లో పెడుతున్నాను తాయారమ్మా."

"మేకకి చేతులెక్కడున్నాయి?" అన్నాడు బుడగ. తాయారమ్మకి మాత్రం కోటమ్మ మాట గుండెల్లో గుచ్చుకుంది.

ఈ బాధ తప్పించాలనే ఆవిడ ఆ రోజు జాతీయాల పాఠం ఎత్తుకుంది. "పైకి ఒకటి అంటాం, లోపల అర్థం ఇంకోటి ఉంటుంది. ఇప్పుడు ఆకలేసిందనుకోండి, కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయంటాం."

గున్నడు బావురుమన్నాడు. వాడికి ఎప్పుడూ ఆకలే. బుడగ వాడి నోట్లో తల దూర్చి, అటూ ఇటూ చూసి, బయటికొచ్చి ధైర్యం చెప్పాడు. "ఎలుకల్లేవురా. గడ్డే ఉంది."

"కొంప మునిగింది," అని నిట్టూర్చింది తాయారమ్మ.

"ఎక్కడ?" అంటూ బుడగ ఈతకి లేచాడు.

ఈ గొడవలో నూకాలు గడ్డివాము కింద గీరుతూ చిరిగిన బస్తాలోంచి కారిన నూకల కుప్ప కనిపెట్టింది. తాయారమ్మ నవ్వేసి, "ఏమే, పొద్దున్నే నక్క తోక తొక్కి వచ్చావా?" అంది.

"ఇంకా లేదు టీచరమ్మా. తొక్కితే ఏమవుతుంది?"

"అదృష్టం పట్టినవాళ్లని అలా అంటారే."

'అలా అంటారు' అన్న ముక్కని ఆవిడ ఒత్తి మరీ పలికింది. పిల్లల చెవిన మాత్రం నక్క, తోక, అదృష్టం పడ్డాయి. కంపకి అవతల చెరకులో పొంచి ఉన్న జంబులింగం చెవిన కూడా అవే పడ్డాయి. జంబులింగం నక్క. వాడికి తన తోక విలువ ఆ పూటే తెలిసింది.

మధ్యాహ్నం తాయారమ్మ నెమరు వేస్తుంటే ఎవరిదో తియ్యని గొంతు వినబడింది. "పిల్లలూ, నా తోక ఖాళీగానే ఉంది. తొక్కిన వాళ్లకి తొక్కినంత అదృష్టం. కాకపోతే అది మా బొరియ దగ్గరే పనిచేస్తుంది. ఒక్కొక్కరే రావాలి. చిన్నవాళ్లు ముందు. దూడలకి అక్కర్లేదు, వాళ్లకి పుట్టుకతోనే అదృష్టం." వాచకంలో నక్క పాఠం ఒకటుంది. అదే కడుపులోంచి పైకొస్తోందనుకుని తాయారమ్మ హాయిగా దవడలాడించింది.

కాసేపటికి అనుమానం వచ్చింది. వాచకంలో నక్కకి బొరియ లేదు. కళ్లు తెరిచింది. బడి ఖాళీ. కంపలో చిన్న సందు, సందు పక్కన దూడ పట్టేంత పెద్ద సందు.

"నీ చేతుల్లో పెడుతున్నాను" అన్న కోటమ్మ మొహం కళ్లముందు మెదిలింది. తన నోటితో చెప్పిన మాటే ఆ పిల్లని నక్క నోటిదాకా తోలింది. చెరకాకులు చెవులు కోస్తున్నా ఆగకుండా పరిగెత్తింది.

బొరియ దగ్గర జంబులింగం పక్షవాతం వచ్చినట్టు పడుకుని ఉన్నాడు. తోక మాత్రం బారుగా పరిచాడు. నూకాలు వాడి మూతికి జానెడు దూరంలో నిలబడి ఉంది. బుడగ వెనకాల వంతు కోసం చూస్తున్నాడు. పిలవకపోయినా వచ్చిన గున్నడు అలిగి, తోక కొస దగ్గర నిలబడ్డాడు.

"ఆగవే!" అని అరవబోయింది తాయారమ్మ. కంగారులో కొరికిన చెరకాకు గొంతుకడ్డం పడి దగ్గు తప్ప మాట రాలేదు.

"రా అమ్మడూ," అంటున్నాడు జంబులింగం. "కళ్లు మూసుకుని ఇంకో అడుగు ముందుకి."

"వస్తాను మావయ్యా. ఒక్క మాట. ఇది కథేనా?"

"కథే, కథే."

"అయితే ఇందులో మీరు పాత్రా?"

పాత్ర అనగానే జంబులింగానికి ఆ పాత్రలో కోడిపిల్ల కనబడి నోరూరింది. "పాత్రే అనుకో."

"అయితే మీకేం కావాలి? పాత్రకి ఏదో ఒకటి కావాలట. టీచరమ్మ చెప్పింది."

జంబులింగం తడబడ్డాడు. కావలసింది ఎదురుగానే నిలబడి అడుగుతోంది. ఉన్నమాట చెబితే పారిపోతుంది. "నాకేం కావాలమ్మా! ముసలాణ్ణి. ఇవాళ ఏకాదశి, ఉపవాసం. ఏమీ అక్కర్లేదు."

"ఒక్క గింజ కూడా?"

"ఒట్టు. ఏమీ అక్కర్లేకుండా ఊరికే పడి ఉన్నాను."

నూకాలు గిర్రున వెనక్కి తిరిగింది. "ఒరేయ్, ఈయన పాత్ర కాదురా! స్థలం!"

"స్థలమా! ఆ మాట ముందే చెప్పొద్దూ!" అన్నాడు గున్నడు. అలక తీరిపోయింది. "స్థలమైతే వంతులెందుకు, అందరం పడతాం." అంటూనే ముందుకాళ్లు రెండూ తోక మీద పెట్టాడు.

జంబులింగం కెవ్వుమన్నాడు. ఇక నటన అనవసరమని నోరు తెరుచుకుని నూకాలు మీదికి దూకాడు. తోక మాత్రం దూకలేదు. పళ్లు గాలిని కొరికాయి. నూకాలు తోకలోంచి చిన్న ఈక ఒకటి రాలి కింద పడింది.

"స్థలం కదులుతోందే!" అన్నాడు బుడగ.

"భూకంపం అయ్యుంటుంది. గట్టిగా నిలబడరా గున్నా!" అంది నూకాలు.

గున్నడికి ఒక్కడికే ఇంత స్థలం ఎందుకనిపించింది. కాలవగట్టున మేస్తున్న తల్లిని గొంతెత్తి పిలిచాడు. "అమ్మా! ఇక్కడ ఖాళీ స్థలం ఉంది!"

ఖాళీ స్థలం అంటే ఎవరు మాత్రం ఊరుకుంటారు? తల్లిగేదె తీరిగ్గా వచ్చి, అటూ ఇటూ చూసి, మెత్తగా ఉన్నచోట చతికిలబడింది. మెత్తగా ఉన్నది జంబులింగం తోకే.

అప్పటికి తాయారమ్మ గొంతులో ఆకు దిగింది. ఒక్క ఉరుకున వచ్చి నూకాలుని కాళ్ల మధ్యకి లాక్కుంది. జంబులింగానికి ఆవిడ దేవతలా కనబడింది.

"టీచరమ్మా, మీరైనా చెప్పండి! అది జాతీయం! మాటవరసకి అంటారంతే! నిజంగా తొక్కరు!"

తాయారమ్మకి కళ్లు చెమర్చాయి. "ఎంత చక్కగా చెప్పావయ్యా! నా బడిలో ఒక్కళ్లకీ ఎక్కని పాఠం."

"అయితే వాళ్లకి చెప్పండమ్మా!"

"తప్పకుండా చెబుతాను. ఇది నెమరు వేళ. అదయ్యాక చెబుతాను." అని తాయారమ్మ అక్కడే కళ్లు మూసుకుని నెమ్మదిగా దవడలాడించింది. గేదె కూడా అదే పని మొదలుపెట్టింది. గేదెల నెమరు ఎప్పటికి తెములుతుందో గేదెలకే తెలియదు.

చివరికి జంబులింగం ఏడుపు గొంతుతో అరిచాడు. "నాకు కావాలి! నాకూ ఒకటి కావాలి!"

"ఏం కావాలి?" అంది నూకాలు.

"నా తోక నాకు కావాలి! ఇంకెప్పుడూ ఇటు రాను, నా తోక ఇప్పించండి!"

పిల్లలు ఉలిక్కిపడ్డారు. "అయ్యో, కోరిక ఉంది! అయితే ఈయన పాత్రే!"

"పాత్రా? చెప్పరేం బాబూ, నేనింకా జాగా అనుకున్నాను," అని గేదె మర్యాదగా పైకి లేచింది. జంబులింగం సగం బొచ్చు అక్కడే వదిలేసి చెరకులో పడి మాయమయ్యాడు.

"కావలసింది దొరికింది కాబట్టి ఇది ముగింపు," అంది నూకాలు. తాయారమ్మ దిద్దలేదు.

సాయంత్రం సంగతంతా విని కోటమ్మ పిల్లని రెక్కల కింద పొదువుకుని వలవలా ఏడ్చింది. తోకలో తగ్గిన ఈక చూసి కూడా పంతులమ్మని ఒక్క మాట అనలేదు. "నక్క తోక తొక్కి పుట్టావే నా తల్లీ!" అంది.

"నేను కాదమ్మా," అంది నూకాలు దిగులుగా. "గున్నడు తొక్కాడు. నాకింకా వంతే రాలేదు."

నీతి: నాకేమీ అక్కర్లేదంటూ దగ్గరికి పిలిచేవాణ్ణి, వాడికేం కావాలో తేలేదాకా అడుగుతూనే ఉండాలి.