ఒకే తాడుకు రెండు కాళ్లు

ఉదయం ఏడుంబావుకి డాక్టర్ శౌరిరాజు పెరట్లో పంపు కింద రబ్బరు బూట్లు కడుక్కుంటున్నారు. వినుకొండ చుట్టుపక్కల పల్లెల్లో ముప్పై ఏళ్లు పశువైద్యం చేసి రిటైరైనా, ఫోను మోగితే ఇప్పటికీ బయల్దేరే మనిషి. ఆయనకో అలవాటుంది. ఎవరేం అడిగినా చేతిలో పని ముగిసేదాకా విననట్టే ఉంటారు. ముగిశాక కూడా చాలాసార్లు జవాబు చెప్పరు. ఎక్కడికో తీసుకుపోతారు.

ఆ ఉదయం అడిగింది దమయంతి. పాల వ్యాను నడిపే చినవీరయ్య కూతురు. ఇంటర్ చదివిన రెండేళ్లూ సెలవు దొరికితే చాలు, డాక్టరు గారి వెంట బకెట్టు మోసింది. పశువుల డాక్టరు కావాలన్న కోరిక ఆ బకెట్టు దగ్గరే పుట్టింది. ఇప్పుడు సీటు వచ్చింది. ఒకటి కాదు, రెండు. ఒకటి పొరుగు రాష్ట్రంలోని పాత కాలేజీలో, బయటి రాష్ట్రాల పిల్లలకిచ్చే కోటాలో. దాని పేరు చెబితే ఊళ్లో చదువుకున్నవాళ్లంతా కుర్చీలో సర్దుకుని కూర్చుంటున్నారు. రెండోది మన రాష్ట్రంలోనే, కొత్తగా పెట్టిన కాలేజీలో. గోడలకింకా రంగు పడలేదు గాని, మొదటి ఏడాదే పిల్లల్ని బస్సెక్కించి పల్లెల్లోని కొట్టాలకు తీసుకుపోతారు. సాయంత్రం ఐదులోపు ఒకటి ఖాయం చేసుకుని మరొకటి వదిలెయ్యాలి. వదలకుండా కూర్చుంటే రెండూ పోతాయి. సంతోషంతో రాత్రి నిద్రపట్టక, తెల్లారగానే సంతోషమంతా దిగులుగా మారి, ఆమె పరుగున ఇక్కడికొచ్చింది.

"రెండూ నావే అనిపిస్తున్నాయి సార్. ఏది తీసుకోను?"

శౌరిరాజు రెండో బూటు బోర్లించి నీళ్లు వంచేశారు. "బొల్లయ్య ఆవుకి కాన్పు కష్టమైందంట. బకెట్టు తీసుకో" అన్నారు.

బొల్లయ్య కొట్టంలో జెర్సీ ఆవు పక్కకు వాలి పడుకుని ఉంది. దాని వెనక నుంచి దూడ గిట్టలు రెండు బయటికి కనిపిస్తున్నాయి. ఆ రెంటినీ కలిపి తాడుతో బిగించి, బొల్లయ్య, అతని తమ్ముడు కాళ్లు తన్నిపెట్టి లాగుతున్నారు. వాళ్ల తాతల నాటి నుంచీ అదే పద్ధతి: రెండు కాళ్లు కనిపిస్తే తాడు, తాడు కడితే లాగుడు.

"తెల్లారుజామునుంచీ లాగుతున్నాం సారూ. జానెడు వస్తంది, జానెడు పోతంది" అన్నాడు బొల్లయ్య.

"ముందు తాడొదలండి" అని శౌరిరాజు దమయంతి వైపు తిరిగారు. "ఏం కనపడుతోందో చెప్పు."

ఆమె గొంతుక్కూర్చుని చూసింది. మొదట రెండు గిట్టలే కనిపించాయి. తర్వాత, ఒక గిట్ట అడుగు నేలను చూస్తుంటే రెండోదాని అడుగు ఆకాశాన్ని చూస్తోందని గమనించింది. 

"సార్, ఇది ముందుకాలు. ఇది వెనకకాలు."

"ఏంది తల్లీ, కాలేజీ మొహం చూడకముందే డాక్టరమ్మవైపోయావా?" అన్నాడు బొల్లయ్య. "ఒక్క దూడకి ముందుదొకటి, వెనకదొకటి కలిసొస్తాయా?"

"ఒక్క దూడైతేగా" అన్నారు శౌరిరాజు.

ఆవుకు తోక మొదట్లో మత్తు సూది వేసి, దమయంతి చేతికి భుజం దాకా తొడుగు తొడిగించి సబ్బునీళ్లు రాశారు. "నా చెయ్యి లావు. లోపల అంత చోటుండదు. కాలు పట్టుకునే పైకి పో. అది ఎవరిదో తేలేదాకా వదలకు."

ముందుకాలు వెంట పోయింది. మోకాలు, రొమ్ము, మెడ, తడి మూతి. వేలు నోట్లోకి జారింది. దూడ ఆ వేలిని పట్టి చీకింది.

"సార్, చీకుతోంది" అంది దమయంతి. ఆమె మొహమంతా వెలిగిపోయింది. తర్వాత వెనకకాలు వెంట పోయింది. దాని పక్కనే రెండో వెనకకాలు, పైన తుంటి, తోక. ఇది ఇంకో దూడ. వెనక్కి తిరిగి ఉంది, తుంటి అప్పటికే ఆవు కటి ఎముకల సందులోకి దిగి ఉంది. ఇద్దరు మనుషులు ఇంతసేపూ ఒకే తాడుతో రెండు దూడల్నీ ఒక్క గుమ్మంలోంచి లాగుతున్నారన్నమాట.

బొల్లయ్య భార్య అంకమ్మ నోరు నొక్కుకుంది. బొల్లయ్య మాత్రం ముందుకు వంగాడు. "పెయ్యదూడ ఏదో చూసి దాన్ని ముందు తియ్యమ్మా."

"చీకుతున్నదాన్ని తీద్దాం సార్" అంది దమయంతి. వేలు ఇంకా వెచ్చగానే ఉంది.

"ఏది మంచిదని నేనడగలేదు. ఏది బయల్దేరింది?" అన్నారు శౌరిరాజు.

ఆమె చెయ్యి మళ్లీ తుంటి దాకా పోనిచ్చింది. "వెనకకాళ్లది."

"అయితే ఆ రెండోదాన్ని లోపలికి నెట్టు."

"చచ్చిపోతుందేమో సార్."

"పట్టుకుని కూర్చుంటే రెండూ పోతాయి."

ఆ మాట పొద్దున్నించీ ఆమె చెవిలో మోగుతున్నదే. తాడు విప్పింది. తన వేలు చీకిన దూడ రొమ్ముకు అరచెయ్యి ఆనించి, మెల్లగా లోపలికి నెట్టింది. అది వెళ్లనన్నట్టు ఆగి, వెళ్లింది. ఖాళీ అయిన చోటులోకి మిగిలిన దూడ వెనకకాళ్లు రెండూ సులువుగా వచ్చాయి. ఈసారి తాడు ఒకే దూడ కాళ్లకు పడింది. బొల్లయ్య, తమ్ముడు ఆపకుండా లాగారు. అంతసేపూ జానెడు వచ్చి జానెడు పోయిన పని క్షణాల్లో గడ్డి మీదికి జారి పడింది. అంకమ్మ దాని ముక్కు తుడిచి, గడ్డితో ఒళ్లు రుద్దింది. దూడ తుమ్మింది.

"రెండోదేదమ్మా?" అంది అంకమ్మ.

దమయంతి చెయ్యి అప్పటికే లోపల ఉంది. మడతపడిన ముందుకాలు సరిచేసింది; మూతి వెతికింది; వేలు పెట్టింది. చీకింది. ఆమె నవ్వుతూ ఏడ్చింది, ఏడుస్తూ నవ్వింది. పావుగంటలో రెండోదీ గడ్డి మీదికొచ్చింది. రెండూ పెయ్యలే. బొల్లయ్య తలపాగా తీసి మొహం తుడుచుకుని, "ఇంతసేపూ నేను లాగింది నా కొంప" అన్నాడు.

తిరుగుదారిలో శౌరిరాజు సీట్ల సంగతి ఎత్తలేదు, ఆమె కూడా అడగలేదు. ఇంటికొచ్చాక ఆయన మళ్లీ పంపు కింద బూట్లు పెట్టారు.

సాయంత్రం నాలుగింటికి దమయంతి, కొట్టాల దారిలో తను ఎప్పుడో బయల్దేరానని అనుకుని, కొత్త కాలేజీ సీటు ఖాయం చేసి, పాతది వదిలేసింది. బటన్ నొక్కుతున్నప్పుడు ఎవరో వేలు చీకుతున్నట్టే అనిపించింది.

పది రోజుల తర్వాత పశువైద్యంలో కొత్తగా చేరిన పిల్లల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. పలాస దగ్గరి అమ్మాయి ఒకామె, ఏ సీటూ రాక డిగ్రీలో చేరబోతూ ఉండగా, రెండో విడతలో ఆ పాత కాలేజీలో సీటు దొరికిందని రాసింది. ఆ కోటాలో అక్కడ ఖాళీ అయింది ఆ ఒక్క సీటే. దమయంతి ఫోను పట్టుకుని పరుగున వెళ్లి శౌరిరాజుకు చూపించింది.

ఆయన బూటు కడగడం ఆపలేదు.

"అయితే రెండోదీ బయటపడిందన్నమాట" అన్నారు.