గుండన్న కుర్చీ, చీమల బారు

ఒకప్పుడు చీమలకు బారు కట్టడమంటే ఏమిటో తెలియదు. ఒకటి తూర్పుకు పోతే ఇంకొకటి పడమటికి. ఎటు బుద్ధి పుడితే అటు పరుగు. దారిలో ఒకదాన్నొకటి గుద్దుకోవడం, "కళ్లు నెత్తికెక్కాయా?" అని తిట్టుకోవడం, మళ్లీ పరుగు.

ఆ రోజుల్లోనే ముత్యాలు అనే అమ్మ ఉండేది. ఆమె కొడుకు గుండన్నకు అన్నప్రాశన అయింది. ఇక వాడికి పొడుగుకాళ్ల బుల్లి కుర్చీలో కూర్చుంటేనే ముద్ద దిగేది. ముద్ద దిగడమంటే ఏముంది? నోట్లోకి కాస్త, కుర్చీకి బోలెడు! మెత్తటి అన్నాన్ని కుర్చీ ముందు పలక మీద పులిమి, వేళ్లతో గీతలు గీసేవాడు.

"ఆ కుర్చీ తుడవవే, ముత్యాలూ," అనేది అత్త సూరమ్మ.

"ఎండితే అదే రాలిపోతుంది లెండి, అత్తయ్యా. అయినా చూడండి, నా కొడుకు ఎంత చక్కగా ముగ్గు వేశాడో!"

"వాకిట్లో ఉంటే ముగ్గు. కుర్చీ మీద ఉంటే మురికి."

ముత్యాలు నవ్వేసి ఊరుకుంది. గీతల మీద గీతలు పేరుకున్నాయి. సందుల్లో నెయ్యి, బెల్లం, పాలు. తడిగుడ్డ మాత్రం దండెం దిగలేదు.

ఒక పొద్దున ముత్యాలు పిల్లాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, ఉగ్గు గిన్నె కోసం వంటింట్లోకి వెళ్లింది. తిరిగి వచ్చి చూసింది.

గిన్నె ఠంగుమని కింద పడింది.

కుర్చీ నడుస్తోంది!

అవును, గడప దాటేసి అరుగు మీద నడుస్తోంది. పైన గుండన్న కిలకిలా నవ్వుతూ చప్పట్లు కొడుతున్నాడు.

"అత్తయ్యా! కుర్చీకి దయ్యం పట్టింది!"

సూరమ్మ పరుగున వచ్చి వంగి చూసింది. "దయ్యం కాదే! కాళ్ల కింద చూడు!"

చీమలు! వేలకు వేలు! కుర్చీ రంగే కనిపించడం లేదు.

"దొంగల్లారా! నా కుర్చీ ఎక్కడికి పట్టుకుపోతున్నారు?" అని అరిచింది ముత్యాలు.

పలక మీద నుంచి ఒక గండుచీమ తల ఎత్తింది. "దొంగలేమిటమ్మా? వరిపిండి ముగ్గు ఎవరి కోసం వేస్తారు? మా కోసమే కదా! మా తాతల నాటి నుంచీ ఉన్న మాటే. తెల్లటి గీతలు కనిపించాయి, వచ్చాం. పైగా బెల్లం కూడా పెట్టావు! నీ చేతికి ఎముక లేదని మెచ్చుకుంటూ పుట్టకు మోసుకుపోతున్నాం."

"మరి నా కొడుకో?"

"ఆయనా? ఆయన ఒళ్లంతా ముగ్గే!"

ముత్యాలు పిల్లాణ్ణి లాక్కోబోతే సూరమ్మ ఆపింది. "ఆగవే! బెదిరాయంటే అన్నీ కలిసి వాణ్ణి కుడతాయి!"

చీమలేమో దేనికి తోచిన వైపు అది లాగుతున్నాయి. కుర్చీ అటూ ఇటూ ఊగింది. ముందు కాలు ఒకటి అరుగు అంచు దాటి గాల్లోకి వచ్చేసింది! సూరమ్మ వెనక నుంచి కుర్చీని పట్టేసుకుంది. చేతిని కుడుతున్నా వదల్లేదు.

"ముగ్గు కోసం వచ్చినవాళ్లు ముగ్గుతోనే పోతారు. త్వరగా, పిండి తే!"

ముత్యాలు వరిపిండి తెచ్చింది. కుర్చీ కాలి దగ్గర మొదలుపెట్టి, మెట్ల మీదుగా, వాకిలి దాటి పుట్ట దాకా సన్నటి గీత గీసింది. గీత ఎక్కడా తెగలేదు.

"ఇదిగో మీ ముగ్గు! కమ్మటి కొత్త పిండి!"

గండుచీమ దిగి రుచి చూసింది. "అబ్బ! రండర్రా!" అంది. గీత దారంలా సన్నం. పక్కపక్కన నడిచే చోటు లేదు. ఇంకేం చేస్తాయి? ఒకదాని వెనక ఒకటి దిగాయి. మొదటిసారిగా బారు కట్టాయి!

ఆఖరి చీమ దిగీ దిగకముందే ముత్యాలు గుండన్నను గుండెకు హత్తుకుంది.

"గీత మీద ఉన్నది మీది. కుర్చీ మాది," అంది ఏడుస్తూనే.

"సరేనమ్మా. మరి కుర్చీ మీద మళ్లీ తెల్లగా కనిపిస్తే?" అని వెనక్కి తిరిగి అడిగింది గండుచీమ.

"కనిపించదు," అంది ముత్యాలు, దండెం మీది తడిగుడ్డ అందుకుంటూ.

అప్పటినుంచే చీమలు బారు తీరి నడుస్తున్నాయి. కింద పిండి గీత లేకపోయినా సరే, ముందున్న చీమ వెనకే నడుస్తాయి. ఎదురుపడిన చీమ దగ్గర ఒక్క క్షణం ఆగి, మూతికి మూతి ఆనించి మరీ అడుగుతాయి:

"ఏ ఇంట్లో కుర్చీ తుడవలేదు?"