పాలడబ్బాలో దేవుడి బియ్యం

నేను ఇంతవరకూ ఏమీ రాయలేదు. అయిదో తరగతి దాకా చదివాను, అంతే. ఎలీసమ్మగారి గురించి ఎవరో ఒకరు రాస్తారులే అనుకుంటూ ఇన్నేళ్లు ఆగాను. ఎవరూ రాయలేదు.

ఆమె మా పేటకు వాక్యం చెప్పే బైబిలు స్త్రీ. తెల్లచీర, నల్లగొడుగు, చంకన సంచి. వానొస్తే సంచిలో ఉన్న బైబిలుకు గొడుగు పట్టేవారు, తను తడిసేవారు. నాకు ప్రార్థన నేర్పింది ఆమే.

మా ఆడవాళ్లకు ఇంకో అలవాటు కూడా చేశారు. ఎసట్లో బియ్యం పోసేముందు దేవుడికని ఒక పిడికెడు తీసి పక్కన పెట్టాలి. ఆదివారం గుడికి తెచ్చి బుట్టలో పోయాలి. లేనివాళ్ల ఇళ్లకు ఆ బియ్యం వెళ్లేవి. నాది పాలపొడి డబ్బా. మేకుతో దానిమీద సిలువ గీసుకున్నాను.

ఒక ఏడు ముసురు పట్టి కూలిపనులు ఆగిపోయాయి. మా ఆయన అప్పటికే లేడు. ఇద్దరు ఆడపిల్లలు. పక్కింట్లో బదులు తెచ్చిన బియ్యంలోంచి కూడా పిడికెడు తీసేదాన్ని. పిల్లలకు గంజి పోసి, నేను నీళ్లు తాగి పడుకునేదాన్ని. డబ్బా మాత్రం వారం వారం నిండుతూనే ఉంది.

ఆ ముసురులోనే ఒక శనివారం మధ్యాహ్నం అమ్మగారు వచ్చారు. గొడుగు గుమ్మంలో ఆరబెట్టి చాప మీద కూర్చున్నారు.

"రేపటి నుంచి నేను గుడికి రానమ్మగారూ" అన్నాను.

"ఏం, ఎందుకు రావే?"

"ఒక్కపూట తప్పకుండా దేవుడి పిడికెడు ఆయనకు తీసిపెట్టాను. ఆయనకే నేను గుర్తున్నట్టు లేను."

ఆమె నా మొహం చూశారు. పొయ్యి వైపు చూశారు. పొయ్యిలో పిల్లి పడుకుని ఉంది.

"నాకు ఆకలేస్తోంది. కాస్త అన్నం వండు."

నాకు తల కొట్టేసినట్టయింది. "బియ్యం లేవమ్మగారూ."

"మరి అవేంటి?" గడ్డంతో డబ్బా వైపు చూపించారు.

"అవి దేవుడి బియ్యం."

"తెలుసు. నువ్వెవరి పిల్లవి?"

ఆమే లేచి, పిల్లిని అదిలించి, డబ్బాలో బియ్యమంతా చేటలో పోసుకుని రాళ్లు ఏరడానికి కూర్చున్నారు. "పొయ్యి రాజెయ్యవే. ఇంటికొచ్చినదాన్ని ఎంతసేపు ఆకలితో మాడుస్తావు?"

వేడి అన్నం, ఉప్పేసి నూరిన పచ్చిమిరపకాయలు. పిల్లలు కళ్లనీళ్లు తుడుచుకుంటూ ఆ కారమే మళ్లీ మళ్లీ అడిగారు. అమ్మగారు మొదటి ముద్ద నా నోట్లో పెట్టారు. తను రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కున్నారు.

"ఆకలన్నారు?"

"తీరింది."

వెళ్లేటప్పుడు గుమ్మంలో అడిగాను. "రేపు గుడికి ఏం పట్టుకురాను?"

"డబ్బా పట్టుకురా."

తెల్లారి పిల్లలకు తలలు దువ్వి, ఆ డబ్బా కొంగు చాటున పెట్టుకుని గుడికి వెళ్లాను. కానుకల వేళకు వరసలో నిలబడ్డాను. అమ్మగారు బుట్ట పక్కన నిలబడి, ఒక్కొక్కరు బియ్యం పోస్తుంటే "స్తోత్రం" అంటున్నారు. నా వంతు వచ్చింది. కొంగు తీసి డబ్బా వంచాను. అడుగున అంటుకున్న గింజలేవో రాలాయి.

అందరికీ అన్నట్టే నాకూ, "స్తోత్రం" అన్నారు.