ఆమె కంటికి తిప్పిన చక్రం

రండి, దగ్గరగా జరగండి. తలుపు దగ్గర నిలబడ్డ అమ్మా, అక్కడికి సగం మాటే వినపడుతుంది, ఈ చాప మీద చోటుంది, వచ్చి కూర్చోండి. ఫోన్లని కాసేపు నోరు మూసుకోమనండి. హారతికి ఇంకా వేళ ఉంది. ఈలోగా మీకొక కెమెరా కథ చెబుతాను. భజన మందిరంలో కెమెరా కథేమిటని నవ్వుకుంటున్నారు కదూ? చూపు ఇచ్చిన స్వామి ఎదుట కూర్చుని చూపు గురించి కాక ఇంక దేని గురించి మాట్లాడుకుంటాం చెప్పండి!

సింహాచలం మాస్టారికి ఒక అలవాటు ఉండేది. ఫోటో స్టూడియో మూసేశాక ఆయన తన ఇంటి అరుగు మీద నలుగురికి ఫోటోలు తీయడం నేర్పేవారు. ఎవరు ఏ ప్రశ్న అడిగినా అరుగు మీద మాత్రం జవాబు చెప్పేవారు కాదు. చెప్పుల్లో కాళ్ళు దూర్చి, "పద, చూద్దాం" అనేవారు. అంతే, బయల్దేరాల్సిందే.

ఆయన శిష్యుల్లో భానోజీ అని ఒకడు. ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేవాడు. మంచివాడు, కష్టపడేవాడు. మొదటి డిజిటల్ ఎస్సెల్లార్ కెమెరా కొనుక్కోవాలని ఏడాదిగా తపిస్తున్నాడు. తపనే గాని కొనలేదు. చూడని వీడియో లేదు, అడగని మనిషి లేడు. ఒకరు ఈ కంపెనీ అంటే ఒకరు ఆ కంపెనీ అనేవారు. తప్పుది కొంటే జీవితమంతా తప్పు ఫోటోలే తీస్తానేమోనని అతనికి లోపల గట్టి భయం. ఇంట్లో ఇల్లాలు అననే అంది: "నన్ను చూడ్డానికొచ్చినప్పుడు కాఫీ చల్లారేలోపు సరేనన్నారు. ఈ డబ్బాకి ఏడాదా?"

చివరికి ఒక ఆదివారం ఉదయం మేనమామ కొడుకు దగ్గర ఒక కెమెరా, స్కూల్లో సైన్సు మాస్టారి దగ్గర ఇంకో కెమెరా అడిగి తెచ్చుకున్నాడు. రెండూ కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసం చేసినవే. రెండూ నల్లగా, దూరపు లెన్సు తగిలించి, కవలపిల్లల్లా ఉన్నాయి. లోపలికి కన్ను పెట్టి చూస్తే రెండింట్లోనూ కాస్త మసక. ఫోటో మాత్రం స్పష్టంగానే పడుతోంది. తక్కువ రకం కెమెరాలు ఇంతే కాబోలనుకున్నాడు. రెండూ మెళ్ళో వేసుకుని అరుగెక్కి చేతులు కట్టుకున్నాడు.

"మాస్టారూ, నాలాంటి కొత్తవాడు ఈ రెండిట్లో ఏది కొనాలి? ఇవాళ ఒక్క మాట చెప్పేయండి."

"పద, చూద్దాం," అన్నారు మాస్టారు.

సముద్రం వైపు నడిచారు. ముందు రోజు సాయంత్రం గాలివాన కొట్టింది. తెల్లవారేసరికి ఆకాశం కడిగినట్టున్నా నీటి కోపం మాత్రం తగ్గలేదు. భానోజీకి సంబరమే. పడవలూ కెరటాలూ దొరికితే రెండు కెమెరాలనీ ఒకే బొమ్మ మీద పరీక్షించవచ్చు గదా! ఇసుక దిబ్బ ఎక్కేసరికి ఆ సంబరం ఆగిపోయింది. జాలరిపేట జాలరిపేటంతా ఒడ్డునే ఉంది. ఎవరూ వలల మీద చెయ్యి వేయడం లేదు. అందరి మొహాలూ ఒకే వైపు.

ఆ ఊళ్ళో ఏరు సముద్రంలో కలిసే చోటుని మొగ అంటారు. పడవలు ఆ మొగలోంచే ఇంటికి వస్తాయి. రాత్రి గాలికి మొగలో కొత్తగా ఇసుక మేట వేసింది. పైకి నీళ్ళే, కింద గట్టు. తెల్లవారుజామున వచ్చిన మొదటి పడవ ఆ మేట మీదికెక్కి రెండు ముక్కలైంది. మనుషులు బతికారు గానీ ఒకడికి భుజం ఎముక విరిగింది. తర్వాత వచ్చినవాళ్ళకి కేకలేసి, ఫోన్లు చేసి, దారి మళ్ళించారు. పోలయ్య పడవ ఒక్కటే ఇంకా రాలేదు. అతని ఫోను పలకడం లేదు.

దూరంగా ఎండ మెరుపులో ఒక నల్లటి చుక్క కదులుతోంది. అది పోలయ్యదైతే మొగ మీదికే వస్తాడు, మేట సంగతి అతనికి తెలియదు. తెప్ప వేసుకుని ఎదురెళ్ళి ఆపాలి. పై ఊరి పడవైతే దాని దారిన అది పోతుంది.

"మనోడైతే ఎల్లాల," అన్నాడు కులపెద్ద అప్పన్న. "కాపోతే ఈ కెరటాల్లోకి కుర్రోల్ని దింపి ఆల్ల పెల్లాలకి నానేటి సెప్పాల?"

అప్పటికే నలుగురు నడుములకి తాళ్ళు కట్టుకుని తెప్ప పక్కన నిలబడ్డారు. అప్పన్న చెయ్యి ఎత్తి ఉంది. అది దిగితే వాళ్ళు దిగుతారు.

అతని చూపు భానోజీ మెడ మీద పడింది. "మాస్టరుగారి మనిసివి గావా? నీ మెళ్ళో ఉన్నది దూరం సూస్తాది గదా, సూడు బావూ!"

భానోజీ గబగబా ఫోటో తీశాడు. వెనక తెర మీద పెద్దది చేసి చూపించాడు. మగవాళ్ళంతా చేతులు అడ్డం పెట్టి, ఎండ తగలకుండా వంగి చూశారు. పడవ ఆకారమే గాని అందులో మనిషి ఆనవాలు తెలియడం లేదు.

"పోలిగాడిదే. ఆ ముక్కు సూడు."

"ముక్కేటి సూడ్డం? ఈ ఒడ్డునున్నయన్నీ ఒక్క సోట కట్టినియ్యే. పై ఊరోల్ది అది."

"నీకు ఒడ్డునున్న పెల్లామే ఆనదు, సంద్రంలో పడవ ఆన్తాదా?"

మామూలు రోజైతే నవ్వేవారు. ఎవరూ నవ్వలేదు. భానోజీ రెండో కెమెరాతో ఇంకో ఫోటో తీశాడు. రెండు తెరలూ పక్కపక్కన పెట్టాడు. ఏడాదిగా పట్టుకున్న జబ్బు ఒక్క పూటలో వదులుతుందా! నోట్లోంచి మాట జారిపోయింది.

"దీంట్లో మచ్చలు తక్కువ పడ్డాయి మాస్టారూ."

పక్కనే ఉన్న ఒకావిడ తలతిప్పి అతనివైపు చూసింది. కొంగంతా తడిసిపోయి ఉంది. పేరు నూకాలు. పోలయ్య భార్య. భానోజీ గబుక్కున రెండు కెమెరాలూ దించేశాడు.

"బావూ," అందామె, "నాకోపాలి సూపించవా?"

భానోజీ తటపటాయించాడు. కెమెరా తనది కాదు. ఆమె చేతులు ఉప్పునీళ్ళు కారుతున్నాయి. పైగా ఇంతమంది మగవాళ్ళకి తెలియనిది ఈవిడకేం తెలుస్తుంది? ఇదంతా అతని మనసులో తిరుగుతోంది. ఈలోగా మాస్టారు అతని మెడలోంచి ఒక కెమెరా తీసి ఆమె మెడలో వేశారు.

నూకాలు కన్ను ఆనించింది. "మసక. ఏటీ అగుపించట్లేదు."

భానోజీ కంగారుగా దాన్ని లాక్కుని రెండోది ఇచ్చాడు. "ఇదీ మసకే బావూ! ఓలమ్మా, ఆడు దగ్గిరికొచ్చీసినాడు!"

చుక్క ఇప్పుడు చుక్క కాదు, పడవ. మొగకి తిన్నగా వస్తోందో, పక్కకి పోతోందో చెప్పలేనంత దూరంలోనే ఉంది గానీ, ఆగేలా లేదు. భానోజీ మళ్ళీ మొదటిది ఇవ్వబోయాడు. ఏది మొదటిదో, ఏది రెండోదో, పట్టీలు రెండూ పెనవేసుకున్నాయి.

"కెమెరాలు మార్చకు," అన్నారు మాస్టారు. అతని వేలు పట్టుకుని, కన్ను పెట్టే చోటు పక్కనున్న బుల్లి చక్రం మీద పెట్టారు. "ఇది తిప్పు. నీ కంటికి కాదు, ఆవిడ కంటికి."

అన్ని వీడియోలు చూసిన భానోజీకి ఆ చక్రం ఒకటుందని ఆ క్షణం దాకా తెలియదు. చూసేవాళ్ళ కంటికి తగ్గట్టు లోపలి మసక పోగొట్టేది అదే. ఇప్పుడు తిప్పాలి. ఎలా తిప్పాలి? లోపల ఏం కనిపిస్తోందో అతనికి తెలియదు, అక్కడ కన్ను ఆమెది. ఆమె నోటి మాటే ఆధారం. కొంచెం తిప్పాడు.

"ఇంకా పోయింది బావూ, ఇంకా పోయింది!"

అటు కాదు. ఇటు తిప్పాడు.

"ఆఁ... ఇంకాస్త... ఇంకాస్త... ఆగు!"

అతను చక్రం మీంచి వేలు తీసేశాడు. వెనకాల అప్పన్న చెయ్యి అలాగే ఎత్తి ఉంది. నూకాలు పెదవులు కదులుతున్నాయి, గంగమ్మ తల్లి పేరే అయి ఉండాలి. ఉన్నట్టుండి ఆమె గొంతు చీల్చుకుని కేక వచ్చింది:

"ఎడం కాలు సాపుకొని కూకున్నాడు! సుక్కాని కాడ! మోకాలు మడతపడదు గదేటి మా మావకి! ఆడే పెద్దయ్యా, ఆడే!"

అప్పన్న చెయ్యి దిగింది.

తెప్ప మొదటి కెరటం మీద నిలువుగా లేచింది. ఒడ్డున అందరూ మునివేళ్ళ మీద లేచారు. రెండో కెరటంలో కనబడకుండా పోయి, అవతల తేలింది. నలుగురూ ఉన్నారు. తువ్వాళ్ళు ఊపుకుంటూ, అరుచుకుంటూ పోయారు. పడవ మొగ వైపే వచ్చింది, వచ్చింది, ఇంక అయిపోయిందనుకునేసరికి మెల్లగా ముక్కు తిప్పింది. ఉత్తరం ఒడ్డుకి మళ్ళింది. ఆ తిరగడం చూసి జాలరిపేటంతా ఒక్కసారి ఇసుకలో కూలబడింది. ఏడ్చేవాళ్ళు ఏడ్చారు, దణ్ణాలు పెట్టేవాళ్ళు పెట్టారు.

పోలయ్య కుంటుకుంటూ ఒడ్డెక్కేసరికి నూకాలు ఎదురెళ్ళి రొమ్ము మీద రెండు గుద్దులు గుద్దింది. "ఫోను ఎక్కడ తగలేసినావు సచ్చినోడా!"

"తడిసిపోనాదే," అన్నాడు పోలయ్య. "అవునుగాని, నన్నంత దూరంకాన్నుంచి ఎలా పోల్చినావే?"

"నీ వంకర కాలు సూసి! ఇంకెప్పుడైనా దాన్ని తిట్టినానంటే అడుగు."

అయ్యలారా, అమ్మలారా, మాస్టారి మాట ఒకటి ఇంకా మిగిలే ఉంది. అది చెప్పేముందు మీ దగ్గర ఒక మాట తీసుకుంటాను. భానోజీ ఆ పూట చేసిన పనుల్లో ఒక్కటి గుర్తుంచుకోండి: తనకి కనపడకపోయినా, ఆమె చెప్పినట్టు, ఆమె కంటికి చక్రం తిప్పాడు. మీకు కెమెరాలు లేకపోతే పోనివ్వండి. ఇంటికెళ్ళి మీ అత్తగారి ఫోన్లో అక్షరాలు ఆవిడ "ఆగు" అనేదాకా పెద్దవి చేసి ఇవ్వండి. రేపు ఇంకెవరికైనా చేయండి. ఎల్లుండి మళ్ళీ చేయండి. స్వామికి అంతకు మించిన హారతి నాకు తెలియదు.

తిరిగి వచ్చేటప్పుడు భానోజీ రెండు కెమెరాలూ మెళ్ళో వేసుకుని మాస్టారి వెనకే నడిచాడు. దిబ్బ దిగాక మాస్టారు అడిగారు.

"ఇంతకీ ఆవిడ చూసింది ఏ కెమెరాలోంచి?"

భానోజీ ఆగిపోయాడు. ఒకదాన్ని ఎత్తి కన్ను పెట్టాడు, మసక. రెండోదాన్ని ఎత్తి కన్ను పెట్టాడు, అదీ మసకే. రెండింటి మీదా ఉప్పు తెల్లగా ఆరింది. రెండింటి మీదా వేలిముద్రలున్నాయి.

"తెలియడం లేదు మాస్టారూ."

మాస్టారు చెప్పుల్లో ఇసుక దులుపుకున్నారు.

"అయితే అదే కొనుక్కో," అన్నారు.