వరుసలో మూడోవాడు

మఠం పెద్ద సిద్ధలింగయ్యగారికి శిష్యుల సందేహాలకు వెంటనే బదులిచ్చే అలవాటు లేదు. ఆ రోజు మాత్రం ఈరన్నకు అంత గడువు లేదు. తెల్లవారితే కోర్టులో సాక్ష్యం. సంతలో గొర్రెల వ్యాపారిని పొడిచి చంపి పారిపోయినవాడు మద్దిలేటేనని అతడు చెప్పాలి. చెబితే మద్దిలేటికి ఉరి గానీ యావజ్జీవం గానీ తప్పదు. ఈరన్న తప్ప దగ్గరగా చూసినవాళ్ళు వేరే లేరు.

"సామీ, జైల్లో పదిమందిని నిలబెడితే వాణ్ణి నేనే పట్టిచ్చినా. ఆడున్న సారు భుజం తట్టినాడు. సంతలో మూతికి తువ్వాల కట్టుకున్నా కండ్లు జూసినా గదా! నిన్న వాళ్ళమ్మ వచ్చి కాళ్ళ మీద పడినప్పటి నుంచి నాకు అన్నం దిగడంలేదు. నిజం చెప్పేటోనికి ఈ దిగులెందుకు సామీ?"

మూడు వందల గొర్రెల్లో తన గొర్రెను దూరం నుంచే పోల్చగల మనిషి ఈరన్న. ఆ గర్వం అతనికి కాస్త ఎక్కువే. ఉండటంలో తప్పూ లేదు.

గురువు అతని చేతి మీది బొబ్బను చూశారు. పొద్దున పంక్తిలో వడ్డిస్తూ ఒకతను వేడి పులుసు ఒలకబోశాడు. అన్నం మీద ఊపిరి పడకూడదని ఆ మఠంలో వడ్డించేవాళ్ళు మూతికి గుడ్డ కట్టుకుంటారు.

"పులుసు పోసినవాణ్ణి గుర్తుపడతావా?" అని అడిగారు.

"వాణ్ణి మింగేటట్టు జూసినా. పట్టకుంటానా!"

గురువు లోపలికి వెళ్ళి, గుడ్డలు కట్టుకున్న ఐదుగుర్ని తెచ్చి నిలబెట్టారు. ఈరన్న వరుస వెంట ఒకసారి నడిచాడు. మళ్ళీ నడిచాడు. చెమట పట్టింది. చివరికి మూడోవాడి ముందు ఆగి, "వీడే... అనిపిస్తాది" అన్నాడు.

"భేష్!" అన్నారు గురువు.

ఈరన్న ముఖం విప్పారింది. "వీడే సామీ! కనుబొమ్మ మీద ఈ గాటు పొద్దునే జూసినా!" ప్రమాణం చేస్తావా అని గురువు అడిగితే, విభూతి చేతిలోకి తీసుకుని చేసేశాడు కూడా.

గురువు సైగ చేయగా మూడోవాడు గుడ్డ విప్పాడు. "నేను మధ్యాన్నం బస్సుకు దిగినా సామీ. ఇంకా ఈడ నీళ్ళు గూడా తాగలేదు" అన్నాడు బెదురుగా. పొద్దున వడ్డించినవాడు అదే బస్సెక్కి ఊరికి వెళ్ళిపోయాడని, ఆ ఐదుగురిలో అతను లేనే లేడని గురువు చెప్పారు.

ఈరన్నకు ముందు కోపం వచ్చింది. తర్వాత భయం వేసింది. ఆ గాటును పొద్దున చూసినట్టు అతనికి ఇంకా కనబడుతూనే ఉంది.

"మరి మీరు భేష్ అంటిరే సామీ!" అన్నాడు ఏడుపు గొంతుతో.

"అంటిని" అన్నారు గురువు. "ఆ పొద్దు జైలు కాడ నీకు భేష్ అన్నది ఎవరప్పా?"