పోలమ్మ ఇంట ఆకాశగంగ

ఒకానొక రాజ్యంలో రాజే ఇళ్ళు కట్టించి ఊరివాళ్ళకు అద్దెకిచ్చేవాడు. ఆయన పేరు కీర్తిధరుడు. కోట వెనకున్న నలభై పెంకుటిళ్ళకూ తానే స్వయంగా నమూనా గీశానని వచ్చిన ప్రతి అతిథితోనూ చెప్పుకునేవాడు. అద్దె పుచ్చుకోవడం కాక ఇంటి యజమానికి ఇంకో పని ఉంటుందని మాత్రం ఆయనకెప్పుడూ తోచలేదు.

ఓ వానాకాలం, బట్టలు నేసే పోలమ్మ సభకు వచ్చింది.

"అయ్యా, ఇల్లు కురుస్తోంది. మగ్గం మీద పడుగంతా తడిసి పాడవుతోంది. నాలుగు పెంకులు మార్పిస్తే చాలు."

రాజు మొహం ఎర్రబడింది. "మొన్న ఎండాకాలంలో నేనే వచ్చి చూశాను. ఒక్క చుక్క కారలేదు. నా ఇల్లు కురుస్తోందన్నవారు ఎవరైనా సరే, నగరం విడిచి పోవాలి. చాటింపు వేయించండి."

విదూషకుడు గురవన లేచాడు. "ప్రభూ, తమరొకసారి వానలో వెళ్ళి చూస్తే..."

"అద్దె ఇంటి కప్పు చూడ్డానికి రాజు వానలో పోతాడా? ఇల్లు కురుస్తోందని మూడు రోజుల్లో నన్ను ఒప్పించు. లేదా ఆవిడతోపాటు నువ్వూ మూట కట్టుకో."

గురవనకు ఆ పూట నుంచి అన్నం సయించలేదు. ఉపాయం తట్టింది గానీ, దానికి వాన కావాలి. రెండు రోజులూ ఎండ ఫెళ్ళున కాసింది. గడియకోసారి పోలమ్మ ఇంట్లోంచి వీధిలోకి వచ్చి ఆకాశం చూడడం, లోపలికి పోవడం, మళ్ళీ రావడం.

"నా మూలాన నీకీ తిప్పలు బాబూ. నేనే పోతాలే," అంది పోలమ్మ.

"ఎక్కడికి పోతావమ్మా?"

పోలమ్మ మగ్గాన్ని ఇంకో మూలకు జరిపింది.

మూడోనాడు పొద్దున్నే మబ్బు పట్టింది. గురవన చెప్పులైనా తొడుక్కోకుండా సభకు పరుగెత్తాడు.

"ప్రభూ, నాదే పొరపాటు. పోలమ్మ ఇంట్లో దిగుతున్నది ఆకాశగంగ. భూమిని తాకకముందే ఆ నీటితో స్నానమాడే భాగ్యం తమ పూర్వీకుల్లో ఎవరికీ దక్కలేదు. ఈ కాస్సేపే ఉంటుంది."

రాజు క్షణం ఆగలేదు. పల్లకీ దిగి, పట్టుబట్టలతోనే పోలమ్మ ఇంట్లో పీట మీద కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. వాన ఊపందుకుంది. ముందు చుక్కలు, తరవాత ధార, ఆ వెనకే పెంకుల కింది బురదముద్ద ఒకటి కిరీటం మీద పడి ముక్కుదాకా జారింది.

రాజు ఉలిక్కిపడి లేచాడు. "గంగా లేదు, ఏమీ లేదు. ఇల్లు కురుస్తోంది."

గురవన చేతులు జోడించాడు. "ఆ మాట తమరు అనకుండా ఉండాల్సింది ప్రభూ. అన్నవారు నగరం విడిచి పోవాలని చాటింపు వేశారు కదా."

పోలమ్మ మగ్గం పక్కనుంచి పొడిగుడ్డ ఒకటి తీసి, రాజు చేతికిచ్చింది.

"తుడుచుకోండి అయ్యా. ఇదొక్కటే తడవకుండా మిగిలింది."

రాజు మొహం తుడుచుకుంటూ గుడ్డకంటిన మట్టి చూశాడు. మెల్లిగా నవ్వు మొదలై పొట్ట చేత్తో పట్టుకునేదాకా వచ్చింది.

"చాటింపు రద్దు. రేపటికల్లా పోలమ్మ కప్పు బాగవ్వాలి," అని మెడలోని ముత్యాలహారం తీసి గురవనకు వేశాడు. "ఇవాళ్టి నుంచి ఈ నలభై ఇళ్ళ బాగోగులూ నీవే."

గురవన గడప దాటేసరికి అద్దెకున్నవాళ్ళంతా వీధిలో నిలబడి ఉన్నారు. ఒకాయన ఇంటి తలుపు మూసుకోదట. ఒకావిడ వంటింట్లో పొగ బయటికి పోదట. ఇంకొకరి పెరటి గోడ పక్కింట్లోకి ఒరిగిందట.

గురవన హారం తీసి మొలలో దోపుకుని, ఎవరింట్లోనైనా నిచ్చెన ఉందా అని అడిగాడు.